మేనిఫోల్డు పగిలిందంటున్నారు, హెడర్ వేయించనా?

ప్రశ్న: అన్నగారికి నమస్కారం. మాది రాజాం. నాది 2014 మోడల్ పెట్రోలు కారు, 1.2 లీటర్ల ఇంజిన్, లక్ష కిలోమీటర్లు దాటింది. రోజూ ఉద్యోగానికి శ్రీకాకుళం వెళ్లొస్తాను. కొన్నాళ్లుగా పొద్దున్నే స్టార్ట్ చేయగానే బానెట్ లోపల టిక్ టిక్‌మని శబ్దం వస్తోంది. కాసేపు నడిచాక తగ్గిపోతుంది. మైలేజీ 17 నుంచి 14కి పడిపోయింది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఏసీలోంచి పొగ వాసన వస్తోంది. మా మెకానిక్ చూసి, ఇంజిన్ పొగను సైలెన్సర్ వైపు పంపే ఎగ్జాస్ట్ మేనిఫోల్డు పగిలిందన్నాడు. షోరూమ్‌లో అడిగితే మేనిఫోల్డు, పొగను శుభ్రం చేసే క్యాట్ కన్వర్టర్ రెండూ మార్చాలి, నలభై వేలు దాటుతుందన్నారు. విశాఖలో ఉన్న నా ఫ్రెండ్ మాత్రం పాత మేనిఫోల్డు పీకించేసి దాని బదులు విడి గొట్టాలుండే 4-2-1 హెడర్ వేయించమంటున్నాడు. పాతిక వేలలో అయిపోతుందట, క్యాట్ తీసేస్తే పదిహేను హార్స్‌పవర్ పెరుగుతుందట, సౌండు కూడా బాగుంటుందట. నాకూ మనసు లాగుతోంది. నాన్నగారికి స్టెంట్లు వేశారు, నెలకోసారి విశాఖ చెకప్‌కి ఈ కారులోనే తీసుకెళ్తాను. పండగలకి కొరాపుట్‌లో ఉన్న అక్కావాళ్ల ఇంటికి వెళ్తాం. ఏది వేయించుకోమంటారు? ఫోటోలు పంపుతున్నాను.

సమాధానం: తమ్ముడూ, నువ్వు ఉత్తరం చివర్లో మామూలుగా రాసిన మాట, మధ్యలో మామూలుగా రాసిన మాట, ఈ రెండూ కలిపి చదివితే నాకు కంగారు పుట్టింది. ఏసీలోంచి పొగ వాసన వస్తోందన్నావు. ఆ కారులోనే స్టెంట్లు వేసుకున్న నాన్నగారిని విశాఖ తీసుకెళ్తున్నానన్నావు. మేనిఫోల్డా హెడరా అన్నది నిదానంగా తేల్చుకోవచ్చు. ఈ నెల చెకప్‌కి మాత్రం నాన్నగారిని ఈ కారు ఎక్కించకు. బస్సులో తీసుకెళ్లు, లేకపోతే ఎవరి బండి అయినా అడుగు.

ఎందుకంటున్నానో చెప్తాను. పొగ వాసన నీకు తెలుస్తోంది కాబట్టి సరిపోయింది. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి మాత్రం రంగూ లేదు, వాసనా లేదు. అది రక్తంలోకి వెళ్తే ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాడికి తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి. గుండెకు రక్తం సరిగా అందని మనిషికి అది ఇంకా తక్కువ మోతాదులోనే ప్రమాదం. ఏసీ బ్లోయర్ బయటి గాలిని తీసుకునేది ముందు అద్దం అడుగున, వైపర్ల కింద ఉండే జాలీలోంచి. దాని ముందరే ఇంజిన్. బండి నడుస్తుంటే గాలి ఆ పొగను చెదరగొడుతుంది. ఆగిన బండిలో బానెట్ కింద లీకైన పొగ నేరుగా ఆ జాలీ దగ్గరకే చేరుతుంది. నీకు ట్రాఫిక్‌లో ఆగినప్పుడే వాసన రావడానికి కారణం ఇదే. రిపేరు అయ్యేదాకా నువ్వు కూడా అద్దాలు దింపుకునే నడుపు. బండి ఆపి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి, ఏసీలో కూర్చోవడం పూర్తిగా మానెయ్. షెడ్డు లోపల స్టార్ట్ చేసి వదిలేయకు.

ఇక ఫోటోల సంగతి. నువ్వు పంపిన వాటిలో రెండోది చాలా బాగా వచ్చింది. హీట్ షీల్డ్ విప్పి తీశావు కాబట్టి మేనిఫోల్డు మొత్తం కనిపిస్తోంది. అది బీడు (పోత ఇనుము) మేనిఫోల్డు. కుడివైపు చివరి పోర్టు దగ్గర జూమ్ చేసి చూడు. అక్కడ పైన ఉండాల్సిన నట్టు లేదు, ఆ నట్టు ఎక్కే మరల కడ్డీ, అంటే స్టడ్డు, దాని కొన కూడా కనపడటం లేదు. ఆ చోటు నుంచి ఇంజిన్ పైభాగమైన సిలిండర్ హెడ్డు మీదకు వేలెడంత పొడవున నల్లటి మసి చార ఉంది. పొగ ఎక్కడ బయటికి కొడుతుందో అక్కడే అలాంటి చార పడుతుంది. మేనిఫోల్డు బీడులో పగులు ఉందని మీ మెకానిక్ అన్నాడు. ఉండొచ్చు, విప్పి చూస్తే గాని చెప్పలేం. నాకు ఫోటోలో కనిపిస్తున్నది మాత్రం విరిగిన స్టడ్డు, దాని వల్ల కాలిపోయిన గ్యాస్కెట్, అంటే హెడ్డుకీ మేనిఫోల్డుకీ మధ్య పొగ లీకవకుండా పెట్టే పల్చటి పొర. నా అంచనా నిజమైతే నువ్వు ఆ నలభై వేలూ పెట్టనక్కర్లేదు, ఈ పాతిక వేలూ పెట్టనక్కర్లేదు.

చివరి స్టడ్డే విరగడం చాలా ఇంజిన్లలో చూస్తాం. హెడ్డు అల్యూమినియం, మేనిఫోల్డు బీడు. గట్టిగా తొక్కినప్పుడు మేనిఫోల్డులో పారే పొగ వేడి 700 నుంచి 900 డిగ్రీలదాకా పోతుంది, హెడ్డును మాత్రం కూలెంట్ నీళ్లు చల్లబరుస్తూ ఉంటాయి. అందువల్ల రెండూ ఒకేలా సాగవు. మధ్యలో ఉన్న స్టడ్ల మీద ఆ సాగుడు అంతగా పడదు, చివర్లో ఉన్నవాటి మీద మొత్తం పడుతుంది. రోజూ పొద్దున వేడెక్కి, సాయంత్రం చల్లారి, పదేళ్లలో కొన్ని వేలసార్లు అటూ ఇటూ గుంజుకుంటే ఒకరోజు స్టడ్డు తెగుతుంది. మన జిల్లాల్లో దీనికి ఉప్పుగాలి కూడా తోడు. శ్రీకాకుళం చుట్టుపక్కల తిరిగే బండ్ల నట్లు తుప్పుపట్టి స్టడ్డుతో ఒకటైపోయి ఉంటాయి. అంతకుముందు ఎప్పుడో ఎవరో వాటిని బలవంతంగా తిప్పి ఉంటే స్టడ్డు విరగడం అప్పుడే మొదలై ఉంటుంది.

చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్, వేడెక్కాక మాయం. ఇది మేనిఫోల్డు లీకుకు ముఖ్యమైన గుర్తు. లోహం వేడికి సాగి ఆ సందును మూసేస్తుంది కాబట్టి శబ్దం ఆగుతుంది. శబ్దం ఆగిందని లీకు పూర్తిగా ఆగినట్టు కాదు, తగ్గినట్టు. ఇంజిన్ వాల్వులను కదిపే ట్యాపెట్ల శబ్దం కూడా దాదాపు ఇలాగే ఉంటుంది, కాబట్టి ఒక చిన్న పరీక్ష చేసుకో. రాత్రంతా ఆగిన బండిని పొద్దున స్టార్ట్ చేసి వెంటనే చెయ్యి. మూరెడు రబ్బరు పైపు తీసుకుని ఒక కొన చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొనను మేనిఫోల్డు, హెడ్డు కలిసే గీత వెంబడి మెల్లగా జరుపుకుంటూ పో. లీకున్న చోట చెవిలో ఫట్ ఫట్‌మని గాలి కొట్టినట్టు వినిపిస్తుంది. ఫ్యాన్‌కీ, బెల్టుకీ దూరంగా ఉండు, లుంగీ, కండువా లాంటివి వేలాడకుండా చూసుకో. వర్క్‌షాపులో అయితే ఇంకో పద్ధతి ఉంది. చల్లటి బండి సైలెన్సర్ కొనలోంచి బ్లోయర్‌తో గాలి కొట్టి, మేనిఫోల్డు చుట్టూ సబ్బునీళ్లు చల్లుతారు. ఎక్కడ బుడగలు వస్తే అక్కడ లీకు. మీ మెకానిక్‌ను ఇది చేయమని అడుగు, ఐదు నిమిషాల పని.

మైలేజీ పడిపోవడం కూడా ఈ లీకు వల్లే అని నా నమ్మకం. పొగ బయటికి పోతే పెట్రోలు ఎందుకు ఎక్కువ తాగుతుందని అనుకుంటావేమో. మేనిఫోల్డులో పొగ ఏకధాటిగా పారదు. ఒక్కో సిలిండర్ ఒక్కో విసురుగా కొడుతుంది. విసురుకీ విసురుకీ మధ్య లోపల ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గిపోతుంది, అప్పుడు ఆ సందులోంచి బయటి గాలి లోపలికి వెళ్తుంది. కిందనున్న ఆక్సిజన్ సెన్సర్‌కు ఆ అదనపు గాలి తగులుతుంది. ఇంజిన్‌లో పెట్రోలు చాలడం లేదు కాబోలని అది ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు, అంటే ఈసీయూకు చెప్తుంది. ఈసీయూ ఇంకాస్త పెట్రోలు పోస్తుంది. ఇంజిన్‌కు అవసరం లేని పెట్రోలు అది. అందులో కొంత క్యాట్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండి, దాన్ని కూడా వేడికి పాడుచేస్తుంది. లీకును ఇలాగే వదిలేస్తే రేపు నిజంగానే క్యాట్ మార్చాల్సి వస్తుంది. స్కానర్ ఉన్న చోటికి వెళ్తే, ఈసీయూ పెట్రోలు ఎంత పెంచిందో తగ్గించిందో చెప్పే ఫ్యూయల్ ట్రిమ్ చూపించమను. ప్లస్ 10 శాతం దాటి ఉంటే నేను చెప్పినట్టే జరుగుతోందనుకోవచ్చు. ఇన్‌టేక్ వైపు గాలి లీకున్నా అదే అంకె వస్తుంది కాబట్టి ఆ ఒక్కదానితో తీర్పు చెప్పకూడదు, మసి చారతో కలిపి చూడాలి.

రిపేరు ఎలా చేయించాలో ఇప్పుడు చెప్తాను, ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. నట్లన్నిటికీ ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాలి. పొద్దున ఇంకోసారి కొట్టాలి. ఎయిర్ గన్ పెట్టి ఒక్క దెబ్బలో విప్పేస్తానంటే ఒప్పుకోకు. మిగతా స్టడ్లు కూడా విరుగుతాయి. చేత్తో స్పానర్ పెట్టి కొంచెం విప్పి, మళ్లీ కొంచెం బిగించి, నూనె వేసి, మళ్లీ విప్పుతూ రావాలి. మొండికేస్తే నట్టును గ్యాస్‌తో కాస్త వేడి చేయాలి. విరిగిన స్టడ్డు ముక్క హెడ్డు బయటికి కాస్త పొడుచుకుని ఉంటే దాని మీద కొత్త నట్టు పెట్టి వెల్డింగ్ చేసి తిప్పితే, ఆ వేడికి పట్టు వదిలి వచ్చేస్తుంది. లోపలే విరిగితే సరిగ్గా నడిమధ్యలో డ్రిల్ వేసి ఎక్స్‌ట్రాక్టర్‌తో తీయాలి. ఈ ఒక్క పని చేయి తిరిగిన మనిషితో చేయించు. చుట్టూ ఉన్నది మెత్తటి అల్యూమినియం. డ్రిల్ పక్కకు జారితే మరలు పోతాయి, ఒక్కోసారి హెడ్డే దింపాల్సి వస్తుంది. రాజాంలో అలాంటివారు దొరక్కపోతే శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో లేత్ షాపువాళ్లను పట్టుకో. వాళ్లకు ఇది రోజువారీ పని. మరలు పోయి ఉంటే హెలికాయిల్ (స్ప్రింగు లాంటి కొత్త మరల తొడుగు) వేసి మళ్లీ పట్టు తెప్పించవచ్చు, భయపడకు.

మేనిఫోల్డు చేతికొచ్చాక దాన్ని వైరు బ్రష్‌తో శుభ్రంగా తోమించి వెలుతురులో తిప్పి తిప్పి చూడండి. రెండు పైపులు కలిసే మెడల దగ్గర, స్టడ్డు రంధ్రాల చుట్టూ సన్నటి వెంట్రుక గీతలు ఉన్నాయేమో చూడాలి. తర్వాత హెడ్డుకు ఆనుకునే ముఖం మీద స్టీలు స్కేలు పెట్టి, కింద ఫీలర్ గేజీ (సందును కొలిచే పల్చటి రేకు) దూరుతుందేమో చూడాలి. చివరి స్టడ్డు విరిగి చాలాకాలం నడిచిన మేనిఫోల్డు ఆ మూల వంకర తిరిగి ఉంటుంది. వంకర ఉంటే లేత్ షాపులో ఫేసింగ్ కొట్టి, అంటే ఆ ముఖాన్ని చదును చేసి ఇస్తారు. పగులు లేకపోతే అంతే, కొత్త గ్యాస్కెట్, మొత్తం స్టడ్లూ నట్లూ కొత్తవి వేసి బిగించెయ్యడమే. ఒక్క విరిగిన స్టడ్డే మార్చి మిగతా పాతవి ఉంచేయకు. బిగింపు మధ్య నట్టు నుంచి మొదలుపెట్టి చివరలకు రావాలి, సర్వీసు మాన్యువల్‌లో చెప్పిన టార్కు (బిగింపు బలం) మేరకు బిగించాలి. గ్యాస్కెట్‌కు సిలికాన్ పేస్టు పూస్తానంటే వద్దను. ఆ వేడికి అది నిలవదు, పైగా దాని ఆవిరి ఆక్సిజన్ సెన్సర్‌ను చంపేస్తుంది.

బీడులో నిజంగానే పగులు ఉంటే? వెల్డింగ్ చేయించమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. బీడును ముందు బాగా వేడి చేసి, నికెల్ రాడ్డుతో అతికి, బూడిదలోనో ఇసుకలోనో పెట్టి నిదానంగా చల్లార్చగలిగినవాడు ఉంటే కొన్నాళ్లు నిలుస్తుంది. మామూలు రాడ్డుతో అతికితే అతుకు పక్కనే మళ్లీ పగులుతుంది. నేనైతే పగిలిన బీడు మీద డబ్బు పెట్టను. కొత్త కంపెనీ మేనిఫోల్డే వేయించు. షోరూమ్‌వాళ్లు రెండూ మార్చాలన్న మాట దగ్గర ఒకసారి ఆగు. నీ మూడో ఫోటోలో మేనిఫోల్డుకీ కింది క్యాట్ కన్వర్టర్‌కీ మధ్య రెంటినీ కలిపే అంచు, అంటే ఫ్లాంజీ, దాని బోల్టులు స్పష్టంగా ఉన్నాయి. అంటే రెండూ విడి విడి ముక్కలు. కొన్ని కార్లలో రెండూ కలిపి ఒకే ముక్కగా వస్తాయి, కొన్నిట్లో మేనిఫోల్డు సిలిండర్ హెడ్డులోనే కలిసిపోయి ఉంటుంది. నీది అలాంటిది కాదు. క్యాట్ పనిచేస్తున్నంతకాలం దాన్ని మార్చే అవసరం లేదు. మేనిఫోల్డు ఒక్కదాని పార్టు నంబరు చెప్పి ధర రాసివ్వమని అడుగు. ఎందుకు రెండూ మార్చాలంటున్నారో కూడా అడుగు, కారణం చెప్పగలిగితే విను.

ఇప్పుడు నీ మనసు లాగుతున్న హెడర్ దగ్గరకు వద్దాం. అది బాగా చేసిన వస్తువైతే చూడముచ్చటగా ఉంటుంది, పని కూడా చేస్తుంది. ఆ పని ఏమిటో తెలిస్తే నీకు కావాలో వద్దో నువ్వే చెప్పగలవు.

నీ ఇంజిన్‌లో సిలిండర్లు 1, 3, 4, 2 వరుసలో మండుతాయి. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోగానే పొగ ఒక విసురుగా బయటికి దూకుతుంది. పొట్టి బీడు మేనిఫోల్డులో నాలుగు దారులూ వెంటనే కలిసిపోతాయి కాబట్టి ఒకదాని విసురు పక్కదానికి అడ్డం పడుతుంది. హెడర్‌లో ఒక్కో సిలిండర్‌కు ఒక్కో పైపు, నాలుగూ సమాన పొడవు. ముందుకు దూకిన విసురు తన వెనక ఒత్తిడిని తగ్గిస్తుంది. సరైన సమయానికి ఆ తగ్గిన ఒత్తిడి వాల్వు దగ్గరకు చేరితే సిలిండర్‌లో మిగిలిపోయిన పొగను కూడా లాగేస్తుంది. ఆ ఖాళీలోకి కొత్త గాలి ఇంకాస్త ఎక్కువ వస్తుంది, పవర్ పెరుగుతుంది. 4-2-1 అంటే ముందు 1, 4 ఒక జత, 2, 3 ఒక జత, తర్వాత రెండు జతలూ ఒకటి. ఆ మండే వరుసలో జతలోని రెండు విసుర్లూ ఒకదానికొకటి సమాన దూరంలో ఉంటాయి కాబట్టి తగువులాట ఉండదు. నాలుగూ ఒకేచోట కలిసే 4-1 రకం పై ఆర్పీఎంలకు (ఇంజిన్ నిమిషానికి ఎక్కువ చుట్లు తిరిగే వేగాలకు), 4-2-1 రకం మధ్య ఆర్పీఎంలకు మేలని వేసుకుంటారు.

ఇదంతా నిజమే. అయితే "సరైన సమయానికి" అన్న మాటలోనే అసలు చిక్కు ఉంది. పైపు పొడవు, లావు ఒక ఆర్పీఎంకు కుదిరితే ఇంకోదానికి కుదరదు. పొడవు పైపులు కింది ఆర్పీఎంలకు, పొట్టివి పై ఆర్పీఎంలకు పనికొస్తాయి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాసేపు ఒకేసారి తెరుచుకుని ఉండేలా వాటిని నడిపే కడ్డీ, అంటే క్యామ్‌షాఫ్ట్ ఉంటేనే ఈ లాగుడు బాగా అక్కరకొస్తుంది. ఊళ్లో తిరిగే కారు క్యామ్‌లో ఆ సమయం తక్కువ. అందుకే రేసు ఇంజిన్‌కు హెడర్ ఇచ్చే లాభం నీ ఇంజిన్‌కు ఇవ్వదు. ఈసీయూ మ్యాప్ ముట్టుకోకుండా, క్యామ్ మార్చకుండా, 1.2 లీటర్ల ఇంజిన్‌కు హెడర్ ఒక్కటే వేస్తే నాలుగైదు హార్స్‌పవర్ వచ్చినా గొప్పే, అదీ ఆర్పీఎం మీటరు ఎర్రగీత దగ్గర. పదిహేను వస్తుందన్నవాడిని డైనో (పవర్ కొలిచే యంత్రం) షీటు చూపించమను. ఇలాంటి బండి మీద, ఇదే హెడర్ ముందూ వెనకా తీసిన షీటు. అది చూపించకుండా చెప్పే అంకెను నమ్మకు.

మీ ఫ్రెండ్‌ను తప్పుపట్టడం లేదు. బండి శబ్దం మారితే పవర్ పెరిగినట్టే అనిపిస్తుంది, అది మనిషి చెవికి సహజం. నువ్వు నడిపే రోడ్లు తలుచుకో. రాజాం నుంచి చిలకపాలెం దాకా ఊరూరా స్పీడ్ బ్రేకర్లు, ఆ తర్వాత హైవే మీద నిలకడగా 80. ఇందులో ఎక్కడా ఐదు వేల ఆర్పీఎం దాటవు. పండగకు రామభద్రపురం మీదుగా సాలూరు వెళ్లి, ఘాట్ ఎక్కి సుంకి, పొట్టంగి దాటి కొరాపుట్ పోతావు. కారులో నలుగురైదుగురు, డిక్కీ నిండా సామాను, ముందు లోడు లారీ. రెండో గేరులో రెండు, రెండున్నర వేల ఆర్పీఎం దగ్గర లాగుడు కావాలి నీకు. పై ఆర్పీఎంలకు తయారైన చవక పొట్టి హెడర్ వేస్తే సరిగ్గా ఆ చోటే లాగుడు తగ్గే ప్రమాదం ఉంది. కంపెనీవాడు ఇంజిన్‌ను కుదిర్చిందే ఆ నడక కోసం. దాన్ని నువ్వు ఎదురు డబ్బిచ్చి పోగొట్టుకున్నట్టవుతుంది.

వేడి ఇంకో సమస్య. బీడు దళసరిగా ఉండి, హీట్ షీల్డ్ కింద ఉండి, వేడిని తన దగ్గరే పెట్టుకుంటుంది. పల్చటి గొట్టాలు ఆ వేడిని బానెట్ కింద కక్కుతాయి. పక్కనే వైర్ల తొడుగులు, రబ్బరు పైపులు, సెన్సర్ కనెక్టర్లు. మే నెలలో మన ఎండకు అవి పెళుసెక్కి విరుగుతాయి. దానికి విరుగుడుగా గొట్టాలకు చుట్టే టేపు అమ్ముతారు. మామూలు ఇనుప గొట్టానికి అది చుడితే తడినీ ఉప్పునూ లోపలే పట్టి ఉంచుతుంది. సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో అలా చుట్టిన గొట్టం లోలోపలే తినేసుకుపోతుంది, చిల్లు పడేదాకా తెలీదు. అప్పుడు మళ్లీ అదే టిక్ టిక్, అదే పొగ. ఫ్లాంజీ పల్చగా ఉంటే మొదటి ఏడాదే వంకర పోతుంది. పాతిక వేలలో క్యాట్‌తో సహా అన్నీ సరిగ్గా ఉన్న స్టెయిన్‌లెస్ హెడర్ వస్తుందని నేను అనుకోను.

క్యాట్ సంగతి కూడా స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే మీ ఫ్రెండ్ దాన్ని తీసేయమంటున్నాడు. ఆ డబ్బాలో ప్లాటినం, పల్లాడియం, రోడియం పూసిన తేనెపట్టు లాంటి దిమ్మ ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌నీ, కాలని పెట్రోలునీ, నైట్రోజన్ ఆక్సైడ్లనూ అది మార్చి పంపుతుంది. దాదాపు 300 డిగ్రీలకు వేడెక్కితేనే పని మొదలుపెడుతుంది కాబట్టే దాన్ని ఇంజిన్‌కు ఆనుకుని పెడతారు. తీసేస్తే ఇల్లంతా, వీధంతా ఆ గాలే పీల్చాలి. తీయకుండా పొడవాటి హెడర్ చివర వెనక్కి జరిపినా, పొద్దున అది వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతసేపూ పొగ శుభ్రం కాదు. క్యాట్ తర్వాత ఉన్న రెండో సెన్సర్ ఊరుకోదు, చెక్ ఇంజిన్ లైటు వెలిగి క్యాట్ సరిగా పనిచేయడం లేదని చెప్పే పీ0420 కోడ్ పడుతుంది. సెన్సర్‌ను పొగకు దూరం జరిపే స్పేసర్ పెట్టి లైటు ఆర్పేస్తామంటారు. లైటు ఆరుతుంది, పొగ అలాగే ఉంటుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర బీఎస్-4 పెట్రోలు కారుకు ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. క్యాట్ లేని బండి ఇందులో నెగ్గడం కష్టం. నీది 2014 బండి. 2029లో పదిహేనేళ్లు నిండి ఆర్సీ రెన్యువల్‌కు తనిఖీకి తీసుకెళ్లాలి, అప్పటికి అన్నీ సక్రమంగా ఉండాలి.

చట్టం కూడా మనవైపు లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పుకు యజమాని మీద ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడొచ్చు. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద 10 వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు మీద మూడు నెలల వేటు వేరే. ప్రమాదం జరిగితే బీమా కంపెనీకి చెప్పని మార్పు ఉందని క్లెయిమ్ దగ్గర పేచీ పెట్టే అవకాశం కూడా ఉంది.

ఇంత చెప్పాక హెడర్ ఎవరూ వేసుకోకూడదని నా అభిప్రాయం అనుకోకు. క్యాట్ లేని పాత కారును ఆటోక్రాస్ లాంటి పోటీలకు తయారుచేసుకునేవాడు, క్యామ్, ఇన్‌టేక్, ఈసీయూ అన్నీ కలిపి ట్యూన్ చేయించుకునేవాడు, బండిని ట్రాక్ మీదే తిప్పేవాడు వేసుకోవాలి. వాళ్లకు కంపెనీ ఇచ్చిన మేనిఫోల్డు నిజంగానే అడ్డం. నీకు ఎప్పటికైనా ఆ సరదా తీర్చుకోవాలని ఉంటే దానికోసం వేరే పాత బండి చూసుకో. నాన్నగారిని ఎక్కించుకునే బండి మీద ప్రయోగాలు వద్దు.

పవర్ తగ్గిందన్న బెంగ కూడా నీకుంది, ఉత్తరంలో మాటల మధ్య తెలుస్తోంది. లీకు పోతే అందులో చాలా భాగం తిరిగి వస్తుంది. రిపేరు అయ్యాక బ్యాటరీ విప్పి పెట్టడమో, స్కానర్‌తో పాత ఫ్యూయల్ ట్రిమ్‌లు చెరిపేయడమో చేయించు, లేకపోతే ఈసీయూ పాత అలవాటులోనే కొన్నాళ్లు పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు ఎప్పుడు మార్చావో రాయలేదు. లక్ష దాటిన బండి కాబట్టి అవి కూడా చూపించు. క్యాట్‌కు ముందుండే పదేళ్ల నాటి ఆక్సిజన్ సెన్సర్ మందగించి ఉండొచ్చు. లీకు పోయాక కూడా మైలేజీ రాకపోతే అప్పుడు దాన్ని మార్పించు, ముందే వద్దు.

పనికి వెళ్లే ముందు వరుస చెప్పుకుని వెళ్లు. మొదట సబ్బునీళ్ల పరీక్ష. తర్వాత విప్పడం. విప్పాక నువ్వు స్వయంగా మేనిఫోల్డు చూసేదాకా కొత్తది ఆర్డరు పెట్టకూడదని మెకానిక్‌తో మాట అనుకో. ఒకవేళ ఎవరైనా క్యాట్ మార్చాల్సిందే అని తేల్చితే, తీసిన పాత క్యాట్‌ను అక్కడ వదిలేసి రాకు. అందులో ఉన్న లోహాలకు తుక్కు మార్కెట్లో మంచి ధర పలుకుతుంది. దాన్ని లెక్కలో వేసుకోమని అడుగు, లేదంటే ఇంటికి తెచ్చుకో. పని అయిపోయాక మర్నాడు పొద్దున చల్లటి బండి స్టార్ట్ చేసి అదే రబ్బరు పైపుతో గీత వెంబడి ఇంకోసారి విను. ఏ చప్పుడూ లేకపోయినా, ఏసీలో వాసన రాకపోయినా సరే, వారం రోజులు నువ్వొక్కడివే శ్రీకాకుళం తిరుగు. వారం తర్వాత చల్లారిన బండి మీద నట్ల టార్కు మళ్లీ ఒకసారి చూపించి, ఆ పై నెల చెకప్‌కి నాన్నగారిని ఎక్కించుకో.